గంగ ఆవలి ఒడ్డున రెండు పుట్టినరోజులు

ఋషీకేశ్‌లో రామ్‌ఝూలా దాటి, స్వర్గాశ్రమం వీధుల గుండా గంగ వెంబడి కొంతదూరం నడచినట్లయితే దుకాణాలూ, ధర్మశాలలూ వెనుకబడి అడవి మొదలవుతుంది. అక్కడ గట్టు మీద చౌరాసీ కుటియా ఉన్నది. నదిరాళ్లు తాపడం చేసిన గుండ్రని ధ్యానకుటీరాలు ఎనభైనాలుగు ఉండటం వల్ల ఆ పేరు వచ్చింది. కప్పులేని గోడలు, మెట్ల సందులలో మొలచిన చెట్లు, వాటి మీద కోతుల సంచారం. మహర్షి మహేశ్ యోగి అటవీశాఖ భూమిలో 1960లలో నెలకొల్పిన ఆశ్రమమిది. ఆయన విడిచి వెళ్లిన తరువాత చాలాకాలం పాడుపడి ఉండి, 2015 డిసెంబరులో సందర్శకులకు తెరవబడింది. నేడు రాజాజీ పులుల అభయారణ్యంలో భాగం గనుక టిక్కెట్టు కొని లోపలికి పోవాలి.

1968 ఫిబ్రవరిలో బీటిల్స్ నలుగురూ ఇక్కడికి వచ్చిన కథ అందరూ ఎరిగినదే. వారితోపాటే ధ్యానం నేర్వవచ్చిన మరొక గాయకుని సందర్శకులు అంతగా తలచుకోరు. ఆయన అమెరికాలోని బీచ్ బాయిస్ బృందానికి చెందిన మైక్ లవ్. ఒక ఉదయం ఫలహారపు వేళ పాల్ మెకార్ట్‌నీ గిటారు పట్టుకుని వచ్చి కొత్త పాట వినిపించగా, అందులో రష్యా అమ్మాయిల ఊసు కూడా ఉంటే బాగుంటుందని లవ్ సలహా ఇచ్చాడట. ‘బ్యాక్ ఇన్ ద యు.ఎస్.ఎస్.ఆర్.’ అన్న పాట అది.

ఆ ఫిబ్రవరి 25న జార్జ్ హారిసన్‌కు 25 ఏళ్లు నిండాయి. మార్చి 15న లవ్‌కు 27. రెండు పుట్టినరోజులూ ఆశ్రమంలోనే జరిగాయి. పాశ్చాత్యుల లెక్కన ఇద్దరిదీ మీనరాశి. మన జ్యోతిష్కులు ఒప్పుకుంటారో లేదో గాని, లవ్ మాత్రం ఆ బంధుత్వాన్ని మరచిపోలేదు. హారిసన్ 2001 నవంబరు 29న, 58వ ఏట, కేన్సరుతో మరణించాడు. డెబ్బయి దాటిన లవ్ 2014లో ఆయనను, ఈ గంగాతీరాన్ని స్మరిస్తూ ‘పైసీస్ బ్రదర్స్’ అనే పాట వెలువరించాడు. మీనరాశి సోదరులని దాని అర్థం.

కొద్ది వారాల స్నేహితుని తలచుకోవడంలో చిక్కులేదు. లవ్ జీవితమంతా కలిసి పాడినది మేనమామ కొడుకులు ముగ్గురితో. వారిలో డెన్నిస్ విల్సన్ 1983లో, 39వ ఏట నీట మునిగి పోయాడు. కార్ల్ 1998లో, 51వ ఏట ఊపిరితిత్తుల కేన్సరుతో పోయాడు. మిగిలిన బ్రయన్‌తో, ఎవరు ఏ పాట రాశారన్న తగవు న్యాయస్థానం వరకూ వెళ్లింది. 1994లో తీర్పు లవ్‌కు అనుకూలంగా వచ్చింది. వారి పాటలు విని పెరిగినవారికి ఆ గెలుపు ఎంత ఆనందమిచ్చిందో చెప్పడం కష్టం. 2025 జూన్ 11న బ్రయన్ కన్నుమూశాడు. ఆ మరునాడే న్యూయార్క్‌లో, గీతరచయితల గౌరవసభలో, 84 ఏళ్ల లవ్‌కు సన్మానం.

ఆ వసంతంలో ఇక్కడ గడిపినవారిలో జాన్ లెనన్ 1980లో హత్యకు గురయ్యాడు. మహర్షి 2008లో, వేణువాదకుడు పాల్ హార్న్ 2014లో, లెనన్ భార్యగా వచ్చిన సింథియా 2015లో వెళ్లిపోయారు. ధ్యానమందిరం గోడల మీద మాత్రం చిత్రకారులు గీసిన ముఖాలు యౌవనంలోనే ఉన్నాయి.

అడవి కావడంతో చీకటి పడకముందే గేటు మూస్తారు. సందర్శకులు పరమార్థ నికేతన్ ఘాట్‌కు హారతి చూడబోతారు. కొందరు వంతెన మీదుగా ఊరిలోకి మరలుతారు. 1968లో ఆ వంతెన లేదు. నదిని పడవలో దాటేవారు.