సభలనుండి మేము తెచ్చుకొన్నవి

“పిల్లలను వెంటబెట్టుకొని తెలుగు సభలకు పోయివచ్చారు గదా, ఏం తెచ్చుకొన్నారు?” అని మా బంధువులు ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. శాలువా తెచ్చామా, మంత్రిగారి పక్కన నిలబడిన ఫొటో తెచ్చామా అని వారి ఉద్దేశం. ఆ రెండూ తేలేదు. అయినా చేతులు ఊపుకొంటూ మాత్రం రాలేదు.

మేము వెళ్ళినవి రెండు సభలు. 2012 డిసెంబరు 27 నుండి 29 వరకు తిరుపతిలో జరిగిన నాలుగవ ప్రపంచ తెలుగు మహాసభలు మొదటివి. 2017 డిసెంబరులో హైదరాబాదులో అయిదు రోజులు జరిగినవి రెండవవి. 1975లో హైదరాబాదులో ఆరంభమై, 1981లో కౌలాలంపూరుకు, 1990లో మారిషస్‌కు వెళ్ళిన ఆ మహాసభలు తిరిగి మన గడపలోకి వచ్చేసరికి మా పెద్దపిల్లకు ఎనిమిదేండ్లు. మాకు చెన్నపట్నం మూడు తరాల ఊరు. ఒక పూట రైలు ప్రయాణంతో అందే సభను వదులుకోబుద్ధి కాలేదు.

దానికి కారణం ఒకటి ఉన్నది. తమిళనాట 2006లో వచ్చిన చట్టం ప్రకారం, 2006–07లో ఒకటవ తరగతితో మొదలుపెట్టి ఏడాదికొక తరగతి చొప్పున బడులలో తమిళం తప్పనిసరి మొదటి భాష అయినది. ఉన్న ఊరి భాష నేర్వడం మంచిదే. మా పిల్లలు తమిళంలో మంచి మార్కులే తెచ్చుకొన్నారు. అయితే మా తెలుగు చదువు మాత్రం బడినుండి వంటింటి గడప దగ్గరకు వచ్చి చేరినది. రాత్రి భోజనానికి ముందు అరగంట, ఒక పలక, ఒక పెద్ద బాలశిక్ష. అంతే మా బడి. ఒకనాడు మా పిల్ల బలపం కింద పెట్టి, “దీనికి పరీక్ష ఉన్నదా అమ్మా? లేకపోతే ఎందుకు?” అన్నది. బరంపురంలోనైనా, బెంగుళూరులోనైనా, షోలాపూరులోనైనా ఈ ప్రశ్న వినని తెలుగు ఇల్లు ఉండదనుకొంటాము. నలుగురమే కూర్చొన్న ఇంట్లో దీనికి సరియైన జవాబు దొరకదు.

పాఠం రైలులోనే మొదలైనది. సప్తగిరి ఎక్స్‌ప్రెస్సులో పిల్లను కిటికీ పక్కన కూర్చోబెట్టాము. తిరుత్తణి వరకు స్టేషను బోర్డులమీద తమిళం. (1960 ఏప్రిల్ 1న ఆ ఊరు మద్రాసు రాష్ట్రంలో చేరినది, మా పెద్దవాళ్ళు ఆ మాట వచ్చినప్పుడల్లా ఒక నిట్టూర్పు విడిచేవారు.) అది దాటి ఏకాంబరకుప్పం రాగానే తెలుగు అక్షరాలు కనబడినవి. సున్న దగ్గర ఒకసారి, వత్తు దగ్గర ఒకసారి ఆగి, మొత్తానికి కూడబలుక్కొని చదివేసినది. ఎవరూ చదవమనకుండా అది చదివిన మొదటి తెలుగు మాట అదే. పుత్తూరు, రేణిగుంట ఆ తరువాత మంచినీళ్ళ ప్రాయమైనవి. కారులో పోగలిగిన వారు కూడా పిల్లలతో రైలులోనే వెళ్ళండని మా మనవి.

సభలో ఏది వినాలో కాదు, ఏది వదలాలో ముందు తేల్చుకోవాలి. ఉదయంనుండి రాత్రివరకు అన్నీ విందామని కూర్చొంటే పెద్దలకు తలనొప్పి, పిల్లలకు తెలుగుమీదనే విసుగు. ముందురోజు రాత్రి కార్యక్రమం కాగితం పరచుకొని రోజుకొకటి ఎంచుకొన్నాము. మాలో ఒకరు లోపల కూర్చొంటే ఒకరు పిల్లలతో బయట తిరిగేవారము. హైదరాబాదులో అవధానానికి మాత్రం అందరమూ కూర్చొన్నాము. పద్యాలు అందకపోయినా, ఎన్ని గంటలు మ్రోగినవో లెక్కపెట్టే పని పిల్లలు తమమీద వేసుకొని, అవధానిగారితో పందెం పెట్టుకొన్నట్లు రెండు గంటలు కదలలేదు.

తిరుపతిలో రెండవనాడు టీ బండి దగ్గర జరిగినది చెప్పాలి. మా ఇంటి తెలుగులో తమిళపు మాటలు దొర్లుతాయి, యాస వేరు. సెలవులకు విజయవాడ వైపు బంధువుల ఇంటికి పోతే అక్కడి పిల్లలు నవ్వేవారు. అందుచేత మా పిల్ల అక్కడ నోరు విప్పేది కాదు. ఆ టీ బండి అతను ఎవరితోనో “ఏమబ్బా, వస్తా ఉండారా?” అన్నాడు. మా పిల్ల మా చేయి గుంజి, “వీళ్ళూ మనలాగే మాట్లాడుతున్నారే!” అన్నది. పండితుల ప్రసంగాలు ఎన్ని విన్నా రాని ధైర్యం దానికి ఆ అరగ్లాసు టీలో వచ్చినది. ఆ తరువాత స.వెం. రమేశ్ గారి ‘ప్రళయకావేరి కథలు’ ఇంటికి తెచ్చుకొని చదివి వినిపించాము. ప్రళయకావేరి అంటే మన పులికాటు సరస్సే. ఆ తీరపు ఊళ్ళ తెలుగు ఉన్నదున్నట్లు అచ్చులో చూచి మాకే ముచ్చటైనది.

పుస్తకాల దుకాణాలలో రంగుల పటాలు, అట్టలు చూచి చేయి చాచకండి. పిల్లచేత ఒక పుట పైకి చదివించండి. నాలుగైదు మాటలకంటె ఎక్కువ ఆగితే ఆ పుస్తకం వచ్చే ఏటికి. మేము ఈ కొలతతోనే పాత చందమామలు కొన్నాము. 1947లో మా ఊళ్ళోనే పుట్టి ఇప్పుడు అచ్చు ఆగిపోయిన పత్రికను తిరుపతిలో కొనుక్కొని తిరిగి ఊరికి మోసుకొచ్చాము, చూడండి!

అన్నిటికంటె విలువైనది మాత్రం భోజనాల తరువాత చెట్టునీడన దొరికినది. షోలాపూరునుండి ఒక పద్మశాలి కుటుంబం, బరంపురంనుండి ఒక అక్కగారు, కోలారు వైపునుండి మరొకరు, మేము. “మా పిల్లలకు మాట్లాడనైతే వస్తది వదినా, చదవరాదు. మరాఠీ బడికి పోతరు” అన్నదామె. మేమూ మా కష్టం చెప్పాము. తమిళ లిపిలో క, గ రెంటికీ ఒకే అక్షరం. ట, డ అంతే. ప, బ అంతే. అందుచేత మావాళ్ళు కాలిని గాలి చేస్తారు, బాటను పాట చేస్తారు. బరంపురం అక్కగారు నవ్వి, “మావాళ్ళకు ఆ బాధ లేదండీ. ఒడియాలో వత్తులన్నీ ఉన్నాయి. ఎ, ఏ దగ్గరే తంటా. మెడ అని వ్రాయమంటే మేడ కట్టేస్తారు” అన్నారు. షోలాపూరామె, “మాకూ గదే!” అన్నది. నాగరి లిపి మరాఠీలోనూ ఆ తేడా లేదు మరి. కోలారువారు మాత్రం నిశ్చింత. కన్నడ అక్షరాలు వచ్చిన పిల్లకు తెలుగు లిపి నెలరోజుల పని.

పాఠ్యపుస్తకాలు ఆంధ్రలోని పిల్లలకోసం వ్రాసినవి, వాటిలో ఈ చిక్కులకు మందు ఉండదు. ఆ చెట్టుకిందనే నోటుపుస్తకం చింపి ఎవరికి కావలసిన జంటమాటలు వారము వ్రాసుకొన్నాము: మాకు కాలి–గాలి, పాట–బాట, తాత–దాత, వారికి మెడ–మేడ, కొన–కోన. ఆ చీటీ ఇప్పటికీ మా పెద్ద బాలశిక్షలోనే ఉన్నది. ఇటువంటి మాటలు మీ ఇళ్ళలో ఏవి కుదిరినవో మన పత్రికకు వ్రాయండి. ఒక పుటలో చేర్చితే ఎందరు తల్లులకో పనికివస్తుంది.

మారిషస్‌నుండి వచ్చిన ఒక పెద్దాయన కూడా మా దగ్గర కాసేపు కూర్చొన్నారు. మాట మాటకూ ఆగి, వెదకుకొని, తెలుగే మాట్లాడారు. అక్కడి ప్రాథమిక పాఠశాలలలో తెలుగు నేర్పుతారు. వెనుకటి రోజుల్లో అక్కడ మనవాళ్ళకు కోరంగి రేవు పేరుమీద ‘కోరంగీలు’ అని పేరు. ఆ కోరంగి మన యానాం సోదరులకు పక్క ఊరే. తాతముత్తాతలు ఓడ ఎక్కిన ఊరి పేరు తప్ప మరేమీ ఎరుగని మనిషి తెలుగు కోసం సముద్రం దాటి వచ్చాడు. మా పిల్ల ఆయనను, “మీకు పరీక్ష ఉన్నదా తాతగారూ?” అని అడిగినది. “ఉండేది, తల్లీ. పాసయ్యాను” అన్నారాయన. చుట్టూ ఉన్నవారందరూ నవ్వారు. పిల్ల నవ్వలేదు, ఆయననే చూస్తూ ఉండిపోయినది.

షోలాపూరు పిల్ల, మా పిల్ల ఒకే ఈడువారు. నెలకొక కార్డు వ్రాసుకోవాలని అక్కడే ఒప్పందం చేసికొన్నారు. యాభై పైసల కార్డు, సగం తప్పులు. 2017లో హైదరాబాదులో మళ్ళీ కలుసుకొన్నప్పుడు సభ ఏ మూల జరుగుతున్నదో వారికి పట్టలేదు. ఇప్పుడు ఇద్దరూ కాలేజీ చదువులు. కార్డులు పోయి ఫోనులు వచ్చినవి. వ్రాసేది మాత్రం తెలుగు అక్షరాలలోనే. మొన్న అటునుండి ‘కొండ కొన’ అని వస్తే మాది ‘కోన’ అని దిద్ది పంపినదట. ఆ దిద్దుబాటులో తానూ ఒక చోట ‘గ’కు ‘క’ వ్రాసినదని మరుక్షణమే జవాబు వచ్చినది.