అమ్మ చెయ్యి, నాయిన రొట్టె

తాండూరులో మా గల్లీలో పొద్దున ఆరు గంటలకు అలారం అక్కర్లేదు. ఏదో ఒక ఇంట్లోంచి జొన్న రొట్టె తట్టే చప్పుడు వస్తుంది. కిందటి చలికాలం ఇంటికెళ్లినప్పుడు మా వంటింట్లో ఆ చప్పుడు మధ్యలో ఆగిపోయింది. లేచి చూస్తే అమ్మ పొయ్యి ముందు నిలబడి కుడిచెయ్యి దులుపుకుంటోంది. పెంక మీద రొట్టె మాడుతోంది.

"ఏం లేదు బిడ్డా, జర తిమ్మిరెక్కింది" అంది.

నాలుగు నెలల నుంచీ ఎక్కుతోందట. రాత్రిళ్లు నిద్రలోంచి లేచి కూర్చుంటోందట. ఈ సంగతి నాయిన చెప్పాడు, అదీ అమ్మ నీళ్లు పట్టడానికి బయటికెళ్లినప్పుడు.

నాకు తెలిసిన వైద్యం ఒకటే, ఫోన్ తీసి ఆర్డర్ పెట్టడం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ నెలకోసారి ఇంటికొచ్చే కొడుకులు చాలామంది ఇదే చేస్తారనుకుంటా. వారంలో మూడు పార్సిళ్లు దిగాయి.

మొదటిది తాడు లాగితే ఉల్లిగడ్డలు తరిగే చాపర్. రెండొందల లోపే. నిజం చెప్పాలంటే మంచి వస్తువే, నాలుగైదు సార్లు లాగితే రెండు ఉల్లిగడ్డలు సన్నగా అయిపోతాయి. కానీ తాడు లాగాలంటే ఒక చెయ్యి గట్టిగా అదిమి పట్టాలి, ఇంకో చెయ్యి గుంజాలి. నొప్పి ఉన్నది ఆ చేతులకే కదా! ఇంత చిన్న విషయం ఆర్డర్ పెట్టేముందు నాకు తట్టలేదు. టెస్టింగ్ చెయ్యకుండా కోడ్ లైవ్‌లో పెట్టినట్టయింది.

రెండోది కొబ్బరి కోరే మిషన్. అడుగున రబ్బరు కప్పు ఉంటుంది, గచ్చుకు అంటుకుని కదలకుండా నిలుస్తుందని రాశారు. అది గ్రానైట్ ఉన్న ఇళ్లలో. మా వంటింటి గద్దె తాండూరు బండ, అదీ పాలిష్ పెట్టనిది. ఆ గరుకు మీద రబ్బరు కప్పు ఎట్లా అంటుకుంటుంది? పిడి తిప్పినప్పుడల్లా మిషనే తిరిగింది. నాయిన పాతికేళ్లు బండల పాలిష్ మిషన్ల దగ్గర పనిచేసిన మనిషి. చూసి నవ్వి, "దీన్ని బిగియ్యాలంటే ముందు బండకు పాలిష్ కొట్టాలె" అన్నాడు.

మూడోదే ఖరీదైన తప్పు, కరెంటు రోటీ మేకర్. పద్దెనిమిది వందలు పెట్టి కొన్నా. గోధుమపిండి ముద్ద పెట్టి మూత అదిమితే చపాతీ అయింది. జొన్నపిండి పెడితే మాత్రం అంచులు చీలి, నడుమ ఆవిరి తన్ని, నాలుగు ముక్కలై బయటికొచ్చింది. గోధుమలో గ్లూటెన్ అనే జిగురు ఉంటుంది, అందుకే సాగుతుంది. జొన్నలో అది లేదు. మరుగుతున్న నీళ్లు పోసినప్పుడు పిండిలోని స్టార్చ్ ఉబ్బి, అదే జిగురు పని చేస్తుంది. అమ్మ ఎసరు మరగనిదే పిండి ఎందుకు కలపదో నాకు అప్పటికి గానీ అర్థం కాలేదు. ముద్దను ఎంత పిసికితే అంత పట్టు వస్తుంది. వేడి పళ్లేల మధ్య ఒక్కసారి అదిమేస్తే ఆ పట్టు ఎక్కడ నిలుస్తుంది?

"పైసలు ఖరాబు జెయ్యకురా" అని అమ్మ మూడింటినీ అట్టపెట్టెలో పెట్టి సజ్జ మీదికి ఎక్కించింది.

వికారాబాద్‌లో ఉండే అక్కే దారి చూపింది. ముందు డాక్టర్ దగ్గరికి పోదామంది. అమ్మను రైలెక్కించి తీసుకుపోయాం. దారి పొడుగునా, "రొట్టెలు జేస్తే రోగమొస్తదా? మా అమ్మకు రాలె" అని అమ్మ గొణుగుడు. డాక్టర్ మణికట్టు వంచి ఒక నిమిషం అట్లాగే ఉంచమన్నాడు. అంతలోనే వేళ్లు తిమ్మిరెక్కాయి. కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అన్నాడు. మణికట్టు దగ్గర సన్నటి దారిలో నరం నలుగుతుందట. షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లకు ఇది ఎక్కువట. పరీక్ష చేస్తే అమ్మకు థైరాయిడ్ తేలింది. రాత్రి పడుకునేటప్పుడు కట్టుకోవడానికి ఒక పట్టీ ఇచ్చారు, మూడు వందల చిల్లర. ఆ ఏడాది నేను కొన్నవాటన్నింటిలో పనికొచ్చింది అదొక్కటే, అదీ వంటసామాను కాదు.

ఆ రాత్రి అక్క తన రొట్టెల ప్రెస్ తీసింది. రెండు ఇనుప పళ్లేలు, ఒక పిడి. కరెంటు లేదు, తీగ లేదు. ఆరేడు వందలు ఉంటుంది. చూడగానే నాకు గుర్తొచ్చింది మెక్సికో వాళ్ల టోర్టియా ప్రెస్. వాళ్ల మక్కజొన్నలోనూ గ్లూటెన్ లేదు. గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి రుబ్బుతారు, ముద్దను ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి ఇట్లాగే అదుముతారు. సున్నపురాయి మీద పుట్టి పెరిగిన మాకు ఆ ఉపాయం తట్టలేదు మరి.

అక్క పద్ధతి చెప్తాను, కావలసినవాళ్లు చేసి చూడండి. గ్లాసు పిండికి దాదాపు గ్లాసు నీళ్లు, బాగా మరగాలి. చెంచాతో కలిపి, చెయ్యి పట్టేంత చల్లారాక బాగా పిసకాలి. నూనె ప్యాకెట్ కడిగి గుండ్రంగా రెండు ముక్కలు కోసి, మధ్యలో ముద్ద పెట్టి నెమ్మదిగా అదమాలి. ఒకేసారి బలంగా అదిమితే అంచులు చీలుతాయి. కొంచెం అదిమి, కాగితంతో సహా సగం తిప్పి, మళ్లీ అదమాలి. పెంక మీద వేశాక పైన తడిబట్టతో తుడిచి తిరగెయ్యాలి. అమ్మ చేసేంత పెద్దగా రాదు, అంత పల్చగానూ రాదు. పిండి తాజాగా ఉండాలి. గిర్ని పట్టించి నెల దాటిన పిండి ఏ ప్రెస్‌లో పెట్టినా విరుగుతుంది.

అమ్మ ఒక ముక్క తిని, "గిది రొట్టె గాదు, బిళ్ల" అంది. అక్క పట్టు విడవకుండా ఒక ప్రెస్ కొని సంచిలో పెట్టింది.

మధ్యలో కుక్కర్ గొడవ ఒకటుంది. తాండూరు కందిపప్పుకు 2022లో జీఐ గుర్తింపు వచ్చింది, రుచికీ తొందరగా ఉడకడానికీ పేరు. అదే పప్పు హైదరాబాద్‌లో నా గదిలో ఆరు విజిల్స్ వచ్చినా పలుకులుగానే ఉండేది. కొత్త కుక్కర్ కొందామని లిస్టు కూడా తీశా. అమ్మ ఫోన్‌లో, "ఏం నీళ్లు వోస్తున్నవ్?" అని అడిగింది. బోరు నీళ్లు. గిన్నెలకు తెల్లగా అట్ట కట్టే నీళ్లు. వాటిలోని కాల్షియం పప్పును మెత్తబడనివ్వదు. తాగే నీళ్లు పోసి, అరగంట నానబెట్టి చూశా. మూడు విజిల్స్‌కు వెన్నలా ఉడికింది. కుక్కర్‌కు కావలసింది ఒక కొత్త గాస్కెట్ మాత్రమే. కొత్తది కొనాల్సినవాళ్లు ఐఎస్‌ఐ మార్కు చూసి కొనండి, 2021 నుంచి ప్రెషర్ కుక్కర్లకు అది తప్పనిసరి.

ప్రెస్ సంగతికొస్తే, నెల తర్వాత ఇంటికెళ్లా. అది కూడా సజ్జ ఎక్కి ఉంటుందనుకున్నా. పొద్దున వంటింట్లోంచి కిర్రు మని చప్పుడు. చూస్తే గద్దె ముందు నాయిన! చేతికి పిండి, బనీనుకు పిండి. పక్కన కుర్చీలో అమ్మ, చేతికి పట్టీతో.

"మెల్లగ అదుము, బండ గాదు అది" అంటోంది అమ్మ.

"నాకు తెల్వదా మిషన్ సంగతి?" అంటున్నాడు నాయిన.

అరవై ఏళ్లల్లో ఆయన ఒక్క రొట్టె చేసి ఎరగడు. చేత్తో తట్టమంటే చచ్చినా వచ్చేవాడు కాదు. పిడి ఉన్న ఇనుప వస్తువు అనేసరికి ముందుకొచ్చాడు. నేను అమ్మ కోసం మిషన్లు వెతుకుతూ ఉన్నానే గానీ, వంటింట్లో ఇంకో మనిషి నిలబడొచ్చన్న ఆలోచనే రాలేదు. నాకూ రొట్టె రాదు, అది కూడా అప్పుడే గుర్తొచ్చింది.

అమ్మ తిమ్మిరి మందులతో చాలావరకు తగ్గింది. పండగలకు రెండు మూడు రొట్టెలు చేత్తోనే తడుతుంది, వద్దన్నా వినదు. మిగతా రోజులు నాయినవే.

మొన్న ఆదివారం ఆయన ఫోన్ చేశాడు. ప్రెస్ పిడి దగ్గర నట్టు లూజయిందట, ఏ నంబరు పానా పడుతుందని అడిగాడు. వెనకాల నుంచి అమ్మ గొంతు వినిపించింది. "నట్టు గాదు, పిండి పాతదైంది. గిర్నికి పొమ్మని చెప్పు ఆయనకు."