ఒక్క వానకాలం చూడు సారూ!

పాత పాలమూరులో ఒక మట్టిమిద్దె అమ్మకానికి వచ్చింది. మట్టితో పేర్చిన రాతిగోడలు, నడుమ వాకిలి, చుట్టూ టేకు స్తంభాలు. కట్టినాయన పోయారు. కొడుకులిద్దరూ హైదరాబాదులో స్థిరపడ్డారు. ఏడేళ్లుగా తలుపుకు తాళమే. బేరానికి వచ్చిన పెద్దమనిషి సర్కారు బడిలో చెప్పి రిటైరైన సారు.

చూడగానే సారుకు నచ్చేసింది. బయట ఎండ మండిపోతుంటే లోపల ఒళ్లు చల్లబడింది. రెండడుగుల గోడ మరి! ఆయన భార్యకు మాత్రం స్తంభాలు కనిపించలేదు, పడమటి గోడకున్న బీట కనిపించింది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా మిద్దె దాకా పాకింది. పైకి పోయేకొద్దీ వెడల్పు.

"స్తంభాలు చూస్కుంట కూసుంటరా? రేపు ఆ గోడ కింద పండుకునేది మన మనవడు" అన్నదామె.

ఆమె భయం ఉత్తది కాదు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగినప్పుడు రాజోలి, అలంపూర్ వైపు ఎన్నో ఇళ్లు కూలిపోయాయి. అది వరద అనుకుందాం. 2021 అక్టోబరులో అయిజ మండలం కొత్తపల్లిలో వచ్చింది ఒట్టి వానే. నానిన గోడ కూలి ఒకే కుటుంబంలో ఐదుగురు చనిపోయారు. ఈ ఊళ్లన్నీ 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలోవే.

అలాగని మట్టిమిద్దెను తీసిపారేయడానికీ లేదు. దూలాల మీద వాసాలు, వాటి మీద కట్టెపేళ్లు, ఆకు, ఆపైన మందంగా మట్టి. అన్నిటికన్నా పైన చవుడు. తడిస్తే చవుడు బిగుసుకుపోయి నీటిని కిందికి దిగనివ్వదు. అందుకే వానలకు ముందే మిద్దెనెక్కి కొత్త చవుడు పరచడం, తూములు శుభ్రం చేయడం ఏటేటా ఉండే పని. తాళం పడిన ఇంట్లో ఆ పని ఎవరు చేస్తారు? పైగా ఈ ఇంటి గోడలకు ఎప్పుడో సిమెంటు పూయించారు. మట్టి పీల్చుకున్న తేమ బయటికి ఆరిపోవాలి. సిమెంటు దాన్ని లోపలే బంధించేస్తుంది. పైకి నున్నగా కనిపించే గోడ లోపల మెత్తబడుతూ ఉంటుంది.

సారు ఒక ముసలి మేస్త్రిని పిలుచుకొచ్చాడు. పాలమూరు కూలీల చెయ్యి పడని ప్రాజెక్టులు దేశంలో తక్కువే. ఈయనా సగం వయసు డ్యాముల దగ్గరే గడిపాడు. (సొంత ఊళ్లో ఇళ్లు ఇలా పాడుబడటం వేరే కథ.) సుత్తితో దూలాలను కొడుతూ పోయాడు. గట్టిగా పలికినవి సరే. గోడలోకి దూరిన కొసల దగ్గర మాత్రం రెండు దూలాలు డొల్లగా పలికాయి. చెదలు! తూకంగుండు వదిలి చూస్తే పడమటి గోడ నడుములో రెండు వేళ్లంత ఉబ్బింది.

"బీటకు అడ్డంగ అద్దంపెంకు అంటిచ్చి తేదీ రాయి. పలిగిందా, గోడ ఇంక కదుల్తున్నట్టే. పలగకుంటే అది పాత దెబ్బ. ఒక్క వానకాలం చూడు సారూ. ఎండకాలంల అన్ని గోడలూ మంచిగనే ఉంటయి."

చిక్కంతా అక్కడే. మధ్యవర్తి దగ్గర ఇంకో బేరం సిద్ధంగా ఉంది. వాళ్లకు ఇల్లు అక్కర్లేదు, గజాల లెక్క చాలు. మిద్దె కూల్చి టేకు అమ్ముకుంటే అదీ లాభమే. వానకాలం దాకా ఆగితే ఇల్లు చేజారిపోవచ్చు, ఆగకుంటే రిటైర్మెంటు డబ్బంతా ఒక గోడ మీద పెట్టినట్టు. సారు నేరుగా పెద్దకొడుక్కే ఫోన్ చేశాడు. పుట్టి పెరిగిన ఇల్లు నేలమట్టమవుతుందంటే ఆయనకూ మనసొప్పలేదు. దసరా దాకా ఆగుతానన్నాడు.

మూడు బీటలకు మూడు అద్దంపెంకులు అంటించారు. శ్రావణంలో నాలుగు రోజులు ముసురు పట్టింది. తెరిపివ్వగానే వెళ్లి చూస్తే రెండు అలాగే ఉన్నాయి. పడమటి గోడది నిలువునా పగిలింది.

సారు కొత్త లెక్క వేశాడు. పడమటి గది కూల్చి పునాది నుంచి కట్టాలి, రెండు దూలాలు మార్చాలి, సిమెంటు పూత గీకేసి సున్నం వేయాలి. ఆ ఖర్చు ధరలో తగ్గిస్తే కొంటానని కబురు పెట్టాడు. హైదరాబాదు నుంచి జవాబు రావాల్సి ఉంది. ధర ఎంతకు తెగినా సరే, ఆ గోడ కూల్చేదాకా మనవడిని ఆ గడప తొక్కనివ్వనని ఆమె ముందే చెప్పేసింది.