బందరు ఫోటోగ్రాఫరు పంచాంగం

పిల్లలూ! పంచాంగం చూసి పెళ్ళిముహూర్తాలు పెట్టేవారిని మీరు చూసే ఉంటారు. పంచాంగం చూసి పిట్టల కోసం బయలుదేరే మనిషిని ఎప్పుడైనా చూశారా? అటువంటాయన ఒకడు మా బందరులో ఉన్నాడు. బందరు అంటే మచిలీపట్నమే. బజారులో ఆయనకు చిన్న ఫోటో స్టూడియో ఉన్నది. తన పేరు పత్రికలో వెయ్యవద్దని నన్ను కోరాడు గనక, మనం కూడా ఆయనను ఫోటోగ్రాఫరు అనే పిలుద్దాం.

నేను చాలా ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి, ప్రధానోపాధ్యాయుడుగా ఉద్యోగం విరమించినవాణ్ణి. ఊరికే కూచోవటం చేతగాక, ఒక ఏడాదిపాటు వీలు చిక్కినప్పుడల్లా ఆయన వెంట తిరిగాను. అప్పుడు చూసినవీ, నేర్చుకున్నవీ మీకు చెబుతాను.

ముందు పటం తీసి చూడండి. కృష్ణానది విజయవాడ దాటి దక్షిణంగా వచ్చి, పులిగడ్డ దగ్గర పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుంది. ఆ పాయలకూ సముద్రానికీ మధ్య చిక్కుకున్న నేలే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు అక్కడి ఊళ్ళు. దానికి ఎగువన సముద్రతీరాన బందరు ఉన్నది. బందరులో రైలెక్కి చిలకలపూడి, పెడన దాటిపోతే గుడివాడ జంక్షను వస్తుంది. అక్కడినుంచి మరో రైలులో కైకలూరు వెళితే కొల్లేరు సరస్సు దగ్గరవుతుంది. మా ఫోటోగ్రాఫరు తిరిగే ప్రపంచమంతా ఇంతే.

బందరుకూ ఫోటోలకూ పాతచుట్టరికం ఉన్నది. తెలుగు సినిమాకు తండ్రి అని పేరు పొందిన రఘుపతి వెంకయ్య 1869 లో ఈ ఊళ్ళోనే పుట్టాడు. ఆయన మద్రాసు వెళ్ళి మొదట ఫోటోగ్రాఫరుగానే బతికాడు. తరవాత బొమ్మలు కదిలే యంత్రం కొని ఊరూరా చూపించాడు, మద్రాసులో గెయిటీ అనే సినిమాహాలు కట్టించాడు. 1921 లో ఆయనా, ఆయన కొడుకు ప్రకాశ్ కలిసి "భీష్మప్రతిజ్ఞ" అనే మూకీ చిత్రం తీశారు. "మాది వెంకయ్యగారి ఊరు, మాస్టారూ!" అని మా ఫోటోగ్రాఫరు ఎప్పుడూ గొప్పగా చెప్పుకుంటాడు.

ఉగాదినాడు ఆయన కొత్త పంచాంగం తెచ్చి, ముహూర్తాలు ఉన్న రోజులకు ఎర్రసిరాతో చుక్కలు పెడతాడు. ముహూర్తాలు లేని మాసాలకు పచ్చసిరాతో గీతలు గీస్తాడు. ఎర్రచుక్కలు పెళ్ళిళ్ళకు, పచ్చగీతలు పిట్టలకు. "పెళ్ళిళ్ళు నాకు అన్నం పెడతాయి. పిట్టలు నాకు నిద్ర పట్టిస్తాయి," అంటాడు.

వైశాఖంలో గుడివాడ దగ్గిర ఒక పల్లెలో పెళ్ళికి నేనూ వెళ్ళాను. పందిట్లో ఉక్క, జనం, సన్నాయి. వధూవరుల మధ్య అడ్డుతెర పట్టుకున్నారు. సరిగ్గా ముహూర్తం వేళకు ఒకరి తలమీద ఒకరు జీలకర్ర, బెల్లం పెట్టారు. తెర తీశారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతా కలిసి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ చూపు రెండోసారి రాదు. "మళ్ళీ ఒకసారి చూసుకోండి" అంటే అది నటన అవుతుంది గాని, పెళ్ళి కాదు. అందుచేత ఫోటోగ్రాఫరు అరగంట ముందునుంచే అక్కడ నిలబడి, వెలుతురు ఎటునుంచి పడుతున్నదో చూసుకొని, కెమేరా సిద్ధంగా పట్టుకొని ఉన్నాడు.

నాకు ఒక సంగతి వింతగా తోచింది. పెద్దలను పీటలమీద ఫోటో తీసిన తరవాత ఆయన వంటలదగ్గరికి వెళ్ళాడు. గాడిపొయ్యి దగ్గర చెమటలు కక్కుతున్న వంటవాళ్ళను తీశాడు. సన్నాయి వాయించేవాళ్ళనూ, వెనకవరసలో నిలబడ్డ ముసలమ్మలనూ తీశాడు. అందరి పేర్లూ అడిగి ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాడు. పెళ్ళివారిలో ఒకాయన, "ఏమయ్యా, వాళ్ళ ఫోటోలు ఎవరడిగారు? దండగ!" అని విసుక్కున్నాడు. ఫోటోగ్రాఫరు నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వుకు అర్థం నాకు కార్తీకంలో తెలిసింది.

ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేవు. ప్రకాశం బారేజి దగ్గర వదిలిన నీరు కాలవలవెంట వచ్చి బోదెల్లో పారుతుంది. మళ్ళలో దమ్ము చేస్తారు, ఆ వెంటనే ఊడ్పులు. ఆడవాళ్ళు వరసగా వంగి నారు నాటుతూ వెనక్కు అడుగులు వేస్తుంటే, తెల్లకొంగలు వాళ్ళ చుట్టూ తిరుగుతాయి. మట్టి కదిలినచోట పురుగులు బయటపడతాయి గదా!

అప్పుడే మేము కాలవగట్టున లకుముకిపిట్ట కోసం కాశాము. అది కొమ్మమీదనుంచి బాణంలాగా నీటిలోకి దూకి, చేపతో పైకి వస్తుంది. మనం కళ్ళు ఆర్పేలోగా పని ముగుస్తుంది. దాన్ని ఫోటో ఎలా తీస్తారు? కెమేరాలో షట్టరు అనే చిన్న తలుపు ఉంటుంది. మీట నొక్కితే అది తెరుచుకొని వెలుతురును లోపలికి రానిచ్చి, మళ్ళీ మూసుకుంటుంది. ఒక సెకండును రెండువేల భాగాలు చేస్తే, అందులో ఒక్క భాగంసేపే దాన్ని తెరిచి ఉంచాలి. అంత కొద్దిసేపట్లో పిట్ట దాదాపు కదలదు. అందుకే బొమ్మ స్పష్టంగా పడుతుంది. మూడు రోజులు మాకు ఉత్త కొమ్మే ఫోటోలో పడింది. నాలుగోనాడు పిట్ట పడింది, దాని ముక్కున చేపపిల్ల కూడా పడింది!

దసరాకు బందరులో శక్తిపటాల ఊరేగింపు జరుగుతుంది. రాత్రివేళ పెద్ద శక్తిపటాన్ని వీపున కట్టుకొని, డప్పుల మోతకు అడుగులు వేస్తూ వస్తారు. అక్కడ ఆయన షట్టరును కావాలనే మెల్లగా తెరిచి ఉంచాడు. పటం పట్టినవారి కాళ్ళు ఫోటోలో పొగలాగా చెదిరిపోయాయి. "అయ్యో, పాడైందే!" అన్నాను. "లేదు మాస్టారూ, ఆ ఊపే నాకు కావాలి. పిట్టను ఆపి చూపాలి, ఆటను ఆడించి చూపాలి," అన్నాడు.

కార్తీక పున్నమినాడు మంగినపూడి సముద్రంలో స్నానాలకు జనం తండోపతండాలుగా వస్తారు. అక్కడ తీరం తెల్లటి ఇసుక కాదు, నల్లటి ఒండ్రునేల. తెల్లవారుజామున నల్లనేలమీద దీపాలు వెలుగుతుంటే చూడటానికి రెండు కళ్ళూ చాలవు. సూర్యుడు ఎర్రగా పైకి వచ్చాడు. ఉదయంపూట సూర్యకాంతి గాలిలో చాలాదూరం అడ్డంగా ప్రయాణించి మనను చేరుతుంది. దారిలో నీలికాంతి చెదిరిపోయి, ఎరుపూ పసుపూ మిగులుతాయి. ఫోటోగ్రాఫర్లు తెల్లవారకముందే లేచేది ఆ వెలుగు కోసమే.

జనం పలచబడ్డాక ఆయన ఒడ్డున కూచొని, తాను పెళ్ళిలో నవ్వి ఊరుకున్న కారణం చెప్పాడు. సగం కథ నాకు ముందే తెలుసు.

పిల్లలూ, ఈ సముద్రం ఘోరంగా మామీదికి వచ్చింది. 1864 నవంబరు 1 న వచ్చిన ఉప్పెనలో బందరు ప్రాంతంలో సుమారు ముప్ఫై వేలమంది చనిపోయారు. 1977 నవంబరు 19 న, శనివారం, తుఫాను దివిసీమను తాకింది. అయిదారు మీటర్ల ఎత్తున సముద్రపునీరు ఊళ్ళమీదికి వచ్చింది. పదివేలమందికి పైగా పోయారు. తుఫానుగాలి సముద్రపునీటిని తోసుకువచ్చి ఒడ్డుమీద పడవెయ్యటమే ఉప్పెన. దివిసీమ నేల పల్లపుది కావటంచేత నీరు చాలాదూరం లోపలికి వచ్చింది.

అప్పుడు నేను గుడివాడలో హాస్టలులో ఉండి చదువుకుంటున్నాను. నా పక్కమంచం కుర్రవాడిది దివిసీమలోని ఒక పల్లె. ఉప్పెనలో అతని ఇంటివాళ్ళు ఒక్కరూ మిగలలేదు. ఇల్లూ, ఇంట్లో ఉన్న రెండు ఫోటోలూ కూడా పోయాయి. కొన్నాళ్ళకు అతను నాతో, "మా అమ్మ మొహం మరచిపోతానేమోనని భయంగా ఉన్నదిరా," అన్నాడు. అంతలో అతనికి ఒక సంగతి జ్ఞాపకం వచ్చింది. ఆ ఏడాది ఎండాకాలంలో వాళ్ళ మేనమామ పెళ్ళికి బందరునుంచి ఒక ఫోటోగ్రాఫరు వచ్చాడు. ఇద్దరం రైలెక్కి బందరు వెళ్ళి ఆయన స్టూడియో వెతికి పట్టుకున్నాం. ఆయన మా ఫోటోగ్రాఫరుకు తండ్రి.

ఆ రోజుల్లో ఫోటోలు ఫిల్ముమీద తీసేవారు. ఫిల్ముకు వెండి లవణాలు పూసి ఉంటాయి. వెలుతురు పడ్డచోట అవి నల్లబడతాయి. అందుచేత ఫిల్ముమీద తెల్లవి నల్లగానూ, నల్లవి తెల్లగానూ కనిపిస్తాయి. దాన్నే నెగటివు అంటారు. ఆ పెద్దాయన అటకమీది రేకుపెట్టె దింపి, మధ్యాహ్నమంతా ఒక్కొక్క నెగటివే భూతద్దంతో చూశాడు. చివరకు ఒక దాంట్లో, పెళ్ళిపెద్దల వెనక, చేత్తో చెంబు పట్టుకొని నడిచిపోతున్న ఒకామె కనిపించింది. ఆమె మొహం సగమే పడింది. మిగతా సగానికి ఎవరిదో భుజం అడ్డం వచ్చింది.

"అప్పుడు నాకు పదేళ్ళు, మాస్టారూ," అన్నాడు ఫోటోగ్రాఫరు. "చీకటిగదిలో ఎర్రదీపం దగ్గర నాన్న పక్కన నిలబడ్డాను. మందునీళ్ళలో తెల్లకాగితం వేస్తే, మెల్లగా ముందు చెంబు వచ్చింది, తరవాత చెయ్యి, ఆ తరవాత మొహం. నాన్న కళ్ళు తుడుచుకోవటం అదే మొదటిసారి చూశాను. 'ఒక్క అడుగు పక్కకు జరిగి తీస్తే ఆ పిల్లవాడికి తల్లి మొహం పూర్తిగా దక్కేది గదరా!' అన్నాడు."

ఆ బొమ్మ అందుకున్నప్పుడు నా స్నేహితుడు ఏమీ మాట్లాడలేదు. చాలాసేపు చూసి, చొక్కా లోపల దాచుకున్నాడు. పెద్దాయన డబ్బు పుచ్చుకోలేదు. వెనకవరసవాళ్ళ ఫోటోలు ఎవరడిగారని పెళ్ళిలో వచ్చిన ప్రశ్నకు ఇదీ జవాబు.

మార్గశిరంలో కోతలు. మా డెల్టాలో ఒక తమాషా ఉన్నది. వరి కొయ్యటానికి కొద్దిరోజులముందే, నిలిచి ఉన్న పైరులో మినుములు చల్లుతారు. వరి కోసేసరికి, మిగిలిన తేమతో కింద మినుపమొలకలు పచ్చగా లేస్తాయి. దున్నే పని లేదు! ఆ నెలలోనే కొల్లేటి ఒడ్డున ఆటపాకకు వెళ్ళి గూడబాతులను చూశాం. గూడబాతు ముక్కుకింద పెద్దసంచి ఉంటుంది. పిల్ల తన తలంతా తల్లి సంచిలో దూర్చి చేపలు తింటుంది.

పుష్యంలో సంక్రాంతి ముగ్గులు, గంగిరెద్దులు. తరవాత నాగాయలంకనుంచి అటవీశాఖవారి అనుమతితో పడవలో మడ అడవులకు వెళ్ళాం. ఉప్పునీటి బురదలో గాలి అందదు గనక, కొన్ని మడచెట్లు వేళ్ళను మేకుల్లాగా నేలపైకి నిలబెట్టి గాలి పీలుస్తాయి. ఆ చెట్లూ వేళ్ళూ అలల జోరును విరుస్తాయి. మడ దట్టంగా ఉన్నచోట వెనకనున్న ఊళ్ళకు అది కంచె. చేపలు పట్టి తినే బావురుపిల్లి అక్కడే ఉంటుంది. అది పిల్లి అయినా చక్కగా ఈదుతుంది. ఎక్కువగా రాత్రిపూటే బయటికి వస్తుంది. మాకు దాని అడుగుజాడలు మాత్రమే దొరికాయి. ఫోటోగ్రాఫరు ఆ జాడలనే ఫోటో తీసి, "ఈ ఏటికి ఇదే దర్శనం," అన్నాడు.

మాఘపున్నమికి హంసలదీవిలో, కృష్ణ సముద్రంలో కలిసేచోట, వేలమంది స్నానం చేస్తారు. అక్కడ మునిగిన కాకి హంస అయిందని స్థలపురాణం. ఆ తీరానికే చలికాలం రాత్రుల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వచ్చి, గొయ్యి తవ్వి, ఒక్కొక్కటీ సుమారు వంద గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి. అటవీశాఖవారు ఆ గుడ్లను కంచెలోపల పాతి కాపాడతారు. నలభై అయిదునుంచి అరవై రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. ఇసుక వెచ్చగా ఉంటే ఆడవి, చల్లగా ఉంటే మగవి ఎక్కువగా పుడతాయి!

ఫాల్గుణంలో ఒకనాడు తెల్లవారకముందే ఆ పిల్లలను వదలటం చూశాం. అవి వెలుతురుగా కనిపించేవైపుకు పాకుతాయి. చీకట్లో అటువంటి వెలుతురు సముద్రంమీదే ఉంటుంది. మనం దీపం వేస్తే అవి దారితప్పి ఒడ్డుమీదికి వస్తాయి. మా ఫోటోగ్రాఫరు కెమేరా సంచిలోనే ఉంచేశాడు. ఒక్క ఫోటో కూడా తియ్యలేదు.

"ఏమయ్యా, ఇంతదూరం వచ్చి!" అన్నాను.

"నాకు ఫోటో పోతే మళ్ళీ ఏడు వస్తుంది. దానికి దారి పోతే మళ్ళీ రాదు, మాస్టారూ," అన్నాడు.

పిల్లలూ, ఇప్పుడు అందరి ఇళ్ళలోనూ ఫోనులున్నాయి. రోజుకు పది ఫోటోలు తీస్తున్నారు. కాని అందులో ఉన్నదెవరో, ఏ ఊరో, ఏ రోజో ఎవరూ రాయటం లేదు. ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. ఇంట్లోని పాత ఫోటోలు తీసి, మీ అమ్మమ్మనో తాతయ్యనో అడిగి, ప్రతి ఫోటోవెనకా మెత్తటి పెన్సిలుతో అందరి పేర్లూ, ఊరూ, సంవత్సరమూ రాయండి. వెనకవరసవాళ్ళను వదలకండి. ఇంట్లో ఎప్పుడూ పనిలో ఉండి ఫోటోలో పడనివారు ఒకరుంటారు. వారిని వెలుతురులో నిలబెట్టి, మొహం పూర్తిగా కనబడేటట్టు ఒక ఫోటో తియ్యండి.

నా స్నేహితుడికి ఇప్పుడు మనవలున్నారు. ఆ సగం మొహం బొమ్మ ఈనాటికీ అతని ఇంట్లో గోడమీద ఉన్నది. దానికింద ఆమె పేరూ, ఊరి పేరూ, 1977 వైశాఖం అనీ రాసి ఉన్నది.