కలివికోడి – అనుపలబ్ధి

శ్రీహరికోటలో రాత్రివేళ ప్రయోగం జరిగినప్పుడు, అగ్నిశిఖ మేఘాలలో కలిసిపోయిన కొద్ది నిమిషాలకే వీక్షకులు వెనుదిరుగుతారు. కంటికి సంబంధించినంత వరకు రాకెట్టు ఇక లేదు. యంత్రాలు మాత్రం దాని సంకేతాలను అందుకుంటూనే ఉంటాయి. అటువంటి ఒక రాత్రి తిరిగి వస్తూ, దారి ప్రక్కనున్న ముళ్ళపొదలను చూసి నేను కలివికోడిని స్మరించాను.

అది ఈ దీవి పక్షి కాదు. కడప జిల్లా లంకమల అడవిది. కలివిపొదల నడుమ నేలపై సంచరించే బిడియపు పక్షి. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డాన్ పేరుతో 1848లో శాస్త్రలోకానికి పరిచయమైంది. 1900 తరువాత ఎవ్వరికీ కనబడలేదు. అంతరించిందనే పండితులు భావించారు. 1986 జనవరిలో ఒక స్థానిక వేటగాడు చీకటిలో దీపపు వెలుగున దానిని పట్టుకున్నాడు. అది నిశాచరి. ఎనభైయారు సంవత్సరాల ఆ శూన్యంలోనూ పక్షి ఉన్నది. చూడవలసిన వేళ, చూడవలసిన విధానము మాత్రమే లేవు.

అద్వైతులు అంగీకరించిన ఆరు ప్రమాణాలలో అనుపలబ్ధి ఒకటి. నేలపై ఘటం కనబడలేదు గనుక ఘటం లేదని గ్రహించడం దాని స్వరూపం. కాని ధర్మరాజాధ్వరీంద్రులు వేదాంతపరిభాషలో దీనికొక నియమం చెప్పారు: ఆ అనుపలబ్ధికి యోగ్యత ఉండాలి. ఘటం ఉండి ఉంటే తప్పక కనబడేదే అన్న పరిస్థితిలోనే, కనబడకపోవడం అభావానికి ప్రమాణం. చీకటి గదిలో కనబడని ఘటాన్ని లేదనరాదు. ధర్మాధర్మాలు కంటికి గోచరించనంత మాత్రాన లేవనరాదు.

ఈ నియమాన్ని ఎన్నోమార్లు చదివాను. అయినా ఇరవై రెండేళ్ళు జపం చేసి, ఏ అనుభవమూ కలుగలేదన్న నిస్పృహతో ఆ వారమే జపమాలను పెట్టెలో పెట్టి మూతవేశాను. "ఉంటే ఈపాటికి తెలిసేది కదా" అన్నదే నా తర్కం. ఆ "ఉంటే తెలిసేది" అనడానికి నాకున్న యోగ్యత ఏమిటి? నా జపంలో సగం గడియారాన్ని చూడడంతో, మిగిలిన సగం ఫలాన్ని వెదకడంతో గడిచింది. నిశాచరిని మధ్యాహ్నం వెదకినవాని స్థితే నాదీ.

ఈ విచారం ఈశ్వరుని నిరూపించదు. అట్లా అనుకోవడం ఆత్మవంచన. కనబడనివన్నీ ఉన్నాయనీ కాదు. నిజంగా అంతరించిన పక్షులు ఎన్నో ఉన్నాయి. యోగ్యత లేకుండా "లేదు" అని నిశ్చయించే అధికారం నాకు లేదని మాత్రమే ఇది చెబుతుంది. నాకు అంతే చాలింది.

కలివికోడి మళ్ళీ ఏళ్ళ తరబడి కనుమరుగైంది. 2025లో చీకటిలో దాని కూత వినబడింది. దర్శనం కాదు, శ్రవణమే. సాధకునికి కూడా శ్రవణమే ప్రథమ సోపానం.

మరునాడు తెల్లవారుజామున జపమాలను పెట్టె నుండి బయటకు తీశాను. గడియారాన్ని ఆ పెట్టెలో ఉంచాను.

ఓం తత్ సత్.