అమ్మ కాలు పెట్టే మెట్టు



నిన్న రాత్రి హాస్టల్లో టాటా సియెర్రా మీద పెద్ద గొడవ. 2020 ఆటో ఎక్స్‌పోలో కాన్సెప్ట్‌గా చూపించిన బండి 2025లో మార్కెట్లోకి వచ్చింది. "కాన్సెప్టే బాగుండెరా, ఆ వంపు అద్దం పోయింది" అని మావాళ్ల బాధ. నేనూ గట్టిగానే వాదించా.

పడుకున్నాక మా ఘాట్ రోడ్డు జీపు గుర్తొచ్చింది. సంత రోజు అమ్మ వెనక కడ్డీ పట్టుకుని, నిలబడే వస్తుంది. ఆమె కాలు పెట్టే మెట్టు ఏ డిజైనరూ గీయలేదు. డ్రైవరన్నే ఇనుప ముక్క వెల్డింగ్ చేయించాడు. అది డిజైన్ కాదా?

బొమ్మలు బాగా గీసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఇంటర్ తర్వాత ఐఐటీల్లో డిజైన్ చదవడానికి యూసీడ్ అనే పరీక్ష ఉంది. నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు. మీకు నేను చెప్తున్నా. రాయండి. అమ్మ కూర్చుని వచ్చే బండి మనమే గీద్దాం.