ఉప్పు మార్చి తెచ్చుకున్న తిప్పలు

కాళ్ల వాపంటే ఉప్పు ఎక్కువ తినడంవల్లే వస్తుందని, తగ్గిస్తే అదే పోతుందని అనుకునేదాన్ని. నాన్నకు కిడ్నీలు దెబ్బతిన్నాయని తెలిశాక ఆవకాయ జాడీ అటకెక్కించాను, అప్పడాలు మాన్పించాను. చప్పిడి పప్పు నాన్నకు మింగుడు పడేది కాదు. రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపేవాడు. చూడలేక దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ‘లో సోడియం’ ఉప్పు ప్యాకెట్ కొన్నాను. రుచికి రుచి, సోడియమూ తక్కువ. డాక్టరును అడగాలన్న ఆలోచనే రాలేదు.

కొన్నాళ్లకు నాన్న కాళ్లలో సత్తువ లేదన్నాడు. వయసు మీద పడిందిలే అని తేల్చేశాను. ఎల్బీనగర్‌లో మామూలుగా చేయించే రక్తపరీక్షలో పొటాషియం 6 దాటింది. 5 లోపు ఉండాల్సింది. గుండె లయ తప్పే ప్రమాదం ఉందని వెంటనే ఈసీజీ తీశారు.

“ఇంట్లో ఏ ఉప్పు వాడుతున్నారమ్మా?” అన్నారు డాక్టరు.

ఆయన చెప్పాకే విషయం అర్థమైంది. రక్తప్రసరణ తగ్గిందనిపిస్తే కిడ్నీ రెనిన్‌ను వదులుతుంది. దానివల్ల యాంజియోటెన్సిన్ తయారవుతుంది. అది అడ్రినల్ గ్రంథులచేత ఆల్డోస్టెరాన్ అనే హార్మోన్‌ను విడుదల చేయిస్తుంది. మూత్రంలో పోవలసిన సోడియాన్ని ఆల్డోస్టెరాన్ వెనక్కి లాగి, పొటాషియాన్ని బయటికి పంపుతుంది. సోడియం వెంట నీరూ నిలుస్తుంది. వాపు, బీపీ పెరుగుతాయి. జబ్బుపడిన కిడ్నీలో చాలాసార్లు ఈ వరస అదుపు తప్పుతుంది. నాన్న వేసుకునే టెల్మిసార్టాన్ అనే బీపీ మందు దాన్ని మధ్యలో అడ్డుకుంటుంది. అప్పుడు ఉప్పు నిలవడం తగ్గుతుంది, దాంతోపాటే పొటాషియం పోవడమూ తగ్గుతుంది.

నేను తెచ్చిన ప్యాకెట్‌లో సోడియం క్లోరైడ్‌కు బదులు కొంత పొటాషియం క్లోరైడ్ కలిపారు. వెనకవైపు చిన్న అక్షరాల్లో రాసే ఉంది. నేను ముందువైపే చదివాను. బయటికి పోయే దారి అసలే ఇరుకైన మనిషికి, నా చేత్తో రోజూ పొటాషియం వడ్డించాను. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి ఉప్పును పెద్దవాళ్లకు సూచిస్తూనే, కిడ్నీ సమస్యలున్నవాళ్లను మినహాయించింది.

భయపడి టెల్మిసార్టాన్ ఆపేద్దామా అన్నాను. “అదీ మీ అంతట మీరు చేయకండి” అన్నారు డాక్టరు. మోతాదు ఆయనే సరిచూశారు, పొటాషియం ఎక్కువుండే కొబ్బరిబోండాలూ మాన్పించారు. ఇప్పుడు మా ఇంట్లో మామూలు ఉప్పే, కాకపోతే కొలిచి వేస్తాను. పప్పులో మిరియాలు, వేయించిన జీలకర్ర, కాస్త నిమ్మరసం రుచి నిలబెడుతున్నాయి. నాన్న కోసం కొత్తగా ఏ ప్యాకెట్ కొన్నా, విప్పకముందే మందుల చీటీతోపాటు డాక్టరు బల్లమీద పెడుతున్నాను.